పసి మనసు కూడా అమానతే

పిల్లలకు ఏం కావాలని ఏ తల్లిదండ్రులను అడిగినా దాదాపు ఒకటే జవాబు వస్తుంది. కడుపు నిండా తిండి, ఒంటి నిండా బట్ట, మంచి బడి, పండుగకు కొత్త జత. వీటి కోసం తండ్రి ఎండనక వాననక కష్టపడతాడు. తల్లి తన కడుపు మాడ్చుకొని బిడ్డకు పెడుతుంది. ఇది చిన్న విషయం కాదు. ఆలుబిడ్డల కోసం ధర్మబద్ధంగా చేసే ఖర్చుకు అల్లాహ్ దగ్గర పుణ్యఫలం ఉందని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) శుభవార్త ఇచ్చారు కూడా.

అయితే అదే తల్లిదండ్రులను ఇంకో ప్రశ్న అడిగి చూడండి. ఈ రోజు మీ నాలుగేళ్ల బిడ్డ దేనికి సంతోషించింది? దేనికి భయపడింది? ఎందుకు ఏడ్చింది? చాలామంది దగ్గర జవాబు ఉండదు. బిడ్డ అన్నం తిన్నదా లేదా అన్నది మనకు తెలుసు. దాని మనసు ఏం తిన్నదో మనకు తెలియదు. బిడ్డలు మన చేతుల్లో అల్లాహ్ ఉంచిన అమానత్ అని ప్రతి బయానులో వింటున్నాం. అమానత్ అంటే శరీరం ఒక్కటే కాదు, మనసు కూడా.

మారిన ఊళ్లు, మారిన ఇళ్లు

మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతాలు నిన్నమొన్నటి దాకా పొలాలు, చెరువులు, మామిడి తోటల ఊళ్లు. ఇవాళ ఒక పక్క నాగపూర్ రహదారి, ఇంకో పక్క కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి, రెంటినీ కలుపుతూ ఔటర్ రింగు రోడ్డు. మేడ్చల్ చుట్టూ ఫ్యాక్టరీలు, గోదాములు. షామీర్‌పేట దాటితే తుర్కపల్లి వైపు జినోమ్ వ్యాలీ. 2021లో దేశమంతటికీ కోవిడ్ టీకా పంపిన కంపెనీ ఉన్నది అక్కడే. 2016 అక్టోబరులో మేడ్చల్ పేరుతో కొత్త జిల్లా కూడా ఏర్పడింది. బతుకుదెరువు కోసం నలుమూలల నుండి కుటుంబాలు వచ్చి ఇక్కడ అద్దె గదుల్లో ఉంటున్నాయి. వాటిలో మన కుటుంబాలు తక్కువేమీ కాదు.

దీనివల్ల ఇంటికి నాలుగు రూపాయలు వస్తున్న మాట నిజం. కానీ ఇంటి తీరు మారిపోయింది. షిఫ్టు డ్యూటీ ఉన్న తండ్రి ఫజర్ తర్వాత బయలుదేరేటప్పటికి బిడ్డ నిద్రలో ఉంటుంది. ఇషా దాటి ఇల్లు చేరేటప్పటికి మళ్లీ నిద్రపోయి ఉంటుంది. ఆటో తోలే తండ్రికి, హోటల్లో పనిచేసే తండ్రికి కూడా ఇదే పరిస్థితి. కొందరు తండ్రులు గల్ఫ్‌లో ఉంటారు. దాదీ, నానీ ఊళ్లో ఉండిపోయారు. వెనకటి రోజుల్లో ఒక బిడ్డ ఏడిస్తే ఎత్తుకోవడానికి ఇంట్లో నాలుగు చేతులుండేవి. ఇప్పుడు ఒక్క తల్లి. వంట, నీళ్లు, బట్టలు, ఇద్దరు ముగ్గురు పిల్లలు అన్నీ ఆమెకే. ఇలాంటి ఇంట్లో బిడ్డ మనసు సంగతి ఎవరికీ గుర్తు రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. గుర్తు చేసుకోవలసిన అవసరం మాత్రం ఇప్పుడే ఎక్కువ.

ఏడుపు కూడా ఒక భాషే

అయిదారేళ్లలోపు పిల్లలకు తమ బాధను మాటల్లో పెట్టి చెప్పడం రాదు. “అబ్బా, నువ్వు నాతో మాట్లాడక మూడు రోజులయింది, నాకు దిగులుగా ఉంది” అని ఏ నాలుగేళ్ల పిల్లవాడూ అనడు. అతడు చెల్లెలిని గిల్లుతాడు. పాల గ్లాసు విసిరేస్తాడు. బడికి వెళ్లే వేళకు కడుపు నొప్పి అంటాడు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెడతాడు. తల్లి కొంగు వదలడు. వీటిని మనం మొండితనం, అల్లరి, నాటకం అంటాం. నిజానికి అవి ఉత్తరాలు. రాయడం రాని బిడ్డ రాసిన ఉత్తరాలు. వాటిని చదవడం నేర్చుకోవాలి.

ఇక్కడ మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగో, దక్నీ ఉర్దూవో మాట్లాడే బిడ్డను మూడున్నరేళ్లకు ఇంగ్లీషు మీడియం బడిలో వేస్తాం. సాయంత్రం ఖాయిదా పట్టుకొని మక్తబ్‌కు పంపుతాం. మూడు భాషలు, మూడు లిపులు. నేర్చుకోగల శక్తి అల్లాహ్ పిల్లలకు ఇచ్చాడు, సందేహం లేదు. కానీ భయం, దుఃఖం, సిగ్గు అనేవి బిడ్డకు ఇంటి భాషలోనే తెలుస్తాయి. బడి నుండి వచ్చిన బిడ్డను “ఈ రోజు ఏం నేర్పారు, చెప్పు” అని వెంటనే పరీక్షకు నిలబెట్టకండి. ఒళ్లో కూర్చోబెట్టుకొని ఇంటి భాషలో నాలుగు మాటలు మాట్లాడండి. వెనకటికి దక్కనులో సూఫీలు తిరగలి విసిరే వేళ, ఉయ్యాల ఊపే వేళ ఆడవాళ్లు పాడుకోవడానికి దక్నీలో పాటలు కట్టారు. చక్కీనామాలు, లోరీనామాలు అంటారు వాటిని. దైవనామం, తల్లి గొంతు, ఇంటి భాష మూడూ కలిసి బిడ్డ చెవిలో పడాలన్న సంగతి మన పెద్దలకు అప్పుడే తెలుసు.

పిట్ట చచ్చిపోతే పరామర్శ

హజ్రత్ అనస్ (రజి)కు ఒక చిన్న తమ్ముడు ఉండేవాడు. పేరు అబూ ఉమైర్. అతడి దగ్గర నుఘైర్ అనే చిన్న పిట్ట ఉండేది. దానితోనే అతడి ఆట. ఒకసారి దైవప్రవక్త (స) వారి ఇంటికి వెళ్లినప్పుడు పిల్లవాడు దిగులుగా కనిపించాడు. కారణం అడిగితే పిట్ట చచ్చిపోయిందని ఇంటివారు చెప్పారు. అప్పుడు ఆయన (స) ఆ పిల్లవాడిని పేరుపెట్టి పలకరించి, నీ పిట్ట ఏమయింది అని ఆప్యాయంగా అడిగారు.

ఒక్క క్షణం ఆలోచించండి. మదీనా రాజ్య బాధ్యతలు, యుద్ధాలు, రాయబారాలు, వహీ అవతరణ, ఇన్నింటి నడుమ ఒక పసివాడి పిట్ట చావు ఆయనకు పట్టించుకోదగిన సంగతి అయింది. అబూ ఉమైర్ అనే పిలుపు కూడా పెద్దలను గౌరవంగా పిలిచే కునియత్ పద్ధతిలోది. పసివాడిని పెద్దమనిషిలా గౌరవించారన్నమాట. హిజ్రీ నాలుగో శతాబ్దానికి చెందిన ఇబ్నుల్ ఖాస్ అనే షాఫయీ పండితుడు ఈ ఒక్క చిన్న హదీసు నుండి అరవై దాకా పాఠాలు తీసి ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. మనం ఒక్క పాఠం నేర్చుకున్నా చాలు: బిడ్డ దుఃఖం మనకు చిన్నది కావచ్చు, బిడ్డకు చిన్నది కాదు.

ఇదే సంఘటన మన ఇంట్లో జరిగితే ఏమంటాం? “పోతే పోయిందిలే, ఇంకోటి తెస్తా, నోర్మూసుకో” అంటాం. లేదా “మగపిల్లాడివి, ఆడపిల్లలా ఏడుస్తావేంటి” అంటాం. ఆ మాటతో బిడ్డ ఏడుపు ఆపుతాడు. కానీ దుఃఖం ఆగదు, లోపలికి వెళ్లిపోతుంది. ఇక మీదట తన బాధ ఎవరికీ చెప్పకూడదని ఆ రోజే నేర్చుకుంటాడు. అదే బిడ్డను దగ్గరకు తీసుకొని “నీ పిట్ట అంటే నీకు ఎంతో ఇష్టం కదూ, అందుకే ఏడుపొస్తోంది” అంటే, తన లోపల జరుగుతున్నదానికి ఒక పేరుందని, అది తప్పు కాదని బిడ్డకు తెలుస్తుంది. మగవాళ్లు ఏడవకూడదనేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. చిన్నారి కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కళ్ల నుండి నీరు కారింది. అది కారుణ్యమని ఆయనే చెప్పారు.

బక్రీదు పొట్టేలు, పిల్లవాడి కన్నీరు

ఏటా బక్రీదు రోజుల్లో చాలా ఇళ్లలో ఒక దృశ్యం కనిపిస్తుంది. పండుగకు పది రోజుల ముందు పొట్టేలునో మేకనో తెచ్చి ఇంటి ముందు కట్టేస్తారు. పిల్లలు దానికి ఆకు తినిపిస్తారు. పేరు పెడతారు. మెడ చుట్టూ చేతులు వేసి పడుకుంటారు. పండుగ ఉదయం నమాజు అయిన తర్వాత అది ఉండదు. అయిదేళ్ల పిల్లవాడు గుక్కపెట్టి ఏడుస్తాడు. పెద్దలు నవ్వుతారు. “కబాబ్ తింటావా, వద్దా” అని ఆటపట్టిస్తారు.

ఖుర్బానీ అల్లాహ్ ఆజ్ఞ. దాన్ని మానమని ఎవరూ అనరు. కానీ పిల్లవాడి మనసు గాయపడకుండా ఆ ఆజ్ఞను పాటించే మార్గం ఖుర్బానీ చరిత్రలోనే ఉంది. హజ్రత్ ఇబ్రాహీం (అలై) తన కలను కుమారుడికి చెప్పి, నీ అభిప్రాయం ఏమిటి అని అడిగిన సంగతి దివ్య ఖుర్ఆన్ సాఫ్ఫాత్ సూరాలో ఉంది. ఆజ్ఞ దైవానిది. నెరవేర్చేది ప్రవక్త. అయినా కొడుకుతో మాట్లాడకుండా ముందుకు సాగలేదు. మనం పొట్టేలును తెచ్చిన రోజే బిడ్డకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి: ఇది ఎందుకు వచ్చింది, పండుగ రోజున ఏం జరుగుతుంది, దాని మాంసం ఎవరెవరికి చేరుతుంది. నీళ్లు పెట్టే పని, మేత పెట్టే పని బిడ్డకు అప్పగించి జంతువుపై దయ నేర్పవచ్చు. జబహ్ చూడలేని బిడ్డను బలవంతంగా నిలబెట్టవలసిన పని లేదు. ఏడిస్తే నవ్వకండి. “నీకు ప్రేమ ఉంది కాబట్టే ఏడుస్తున్నావు, ప్రేమ ఉన్నదాన్ని ఇవ్వడమే ఖుర్బానీ” అని చెప్పండి. అంతకంటే మంచి దీనీ పాఠం ఏ కితాబులో దొరుకుతుంది?

వినే చెవి

యూసుఫ్ సూరా మొదట్లోనే ఒక పిల్లవాడు తండ్రికి తన కల చెబుతాడు. పదకొండు నక్షత్రాలు, సూర్యుడు, చంద్రుడు తనకు సాష్టాంగపడ్డాయంటాడు. పిల్లల కలలు మనకు రోజూ వినపడేవే, మనం రోజూ కొట్టిపారేసేవే. హజ్రత్ యాఖూబ్ (అలై) కొట్టిపారేయలేదు. పూర్తిగా విన్నారు. “నాయనా” అని ప్రేమగా సంబోధించారు. ఆ కల అన్నలకు చెప్పవద్దని, చెబితే వారు కీడు తలపెట్టవచ్చని జాగ్రత్త చెప్పారు. హజ్రత్ లుఖ్మాన్ తన కుమారుడికి చేసిన హితబోధలో కూడా ఖుర్ఆన్ అదే ప్రేమ పిలుపును మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. తౌహీద్ లాంటి గంభీరమైన విషయం చెప్పేటప్పుడు కూడా ముందు ప్రేమ, తర్వాత ఉపదేశం.

ఇందులో మరో మేలు ఉంది. చిన్న చిన్న సంగతులు చెప్పుకోగలిగిన ఇంట్లోనే బిడ్డ పెద్ద సంగతి కూడా చెబుతాడు. వ్యాను డ్రైవరు తప్పుగా తాకాడనో, పెద్ద పిల్లలు బెదిరిస్తున్నారనో రేపు బిడ్డ చెప్పాలంటే, ఇవాళ కాకి గురించి చెప్పే కబురు మనం వినాలి. వినే చెవి లేని ఇంట్లో బిడ్డ ఒంటరి. ఆ ఒంటరితనాన్ని వాడుకొనే దుర్మార్గులు బయట ఉన్నారు.

బెత్తం సంగతి

మన మక్తబ్‌లలో పాత మాట ఒకటుంది. తండ్రి బిడ్డను ఉస్తాద్‌కు అప్పగిస్తూ “గోష్త్ మీది, హడ్డీ మాది” అనేవాడు. అంటే ఎముకలు విరగకుండా ఎంతైనా కొట్టండని అర్థం. తెలుగు నాట కూడా “దండం దశగుణం” అన్నారు. చదువు పట్ల ఆదరంతో అన్న మాటలే కావచ్చు. ఫలితం మాత్రం మంచిది కాదు.

ఈ సంగతి కొత్తగా పాశ్చాత్యులు చెప్పినది కాదు. క్రీ.శ. 1377లో ఇబ్ను ఖల్దూన్ తన ముఖద్దిమాలో విద్యార్థులపై, ముఖ్యంగా చిన్నపిల్లలపై కాఠిన్యం వల్ల కలిగే నష్టాన్ని వివరించడానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. దెబ్బల మధ్య పెరిగిన పిల్లవాడి ఉత్సాహం చచ్చిపోతుందని, సోమరితనం వస్తుందని, దెబ్బ తప్పించుకోవడానికి అబద్ధం, కపటం అలవాటవుతాయని, చివరికి అదే అతడి స్వభావమవుతుందని ఆయన హెచ్చరించాడు. అంతకు ముందే ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) మక్తబ్ నుండి వచ్చిన పిల్లవాడిని ఆడుకోనివ్వాలని, ఆట మాన్పించి ఎప్పుడూ చదువుకే కట్టేస్తే అతడి హృదయం మోడుబారుతుందని ఇహ్యాలో చెప్పారు. మన దేశంలో 2009 నాటి విద్యా హక్కు చట్టం 17వ సెక్షను బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని రెంటినీ నిషేధించింది.

“మరి పదేళ్లకు నమాజు చదవకపోతే కొట్టమని హదీసులో ఉంది కదా” అని కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఆ హదీసును మొదటి నుండి చదవాలి. ఏడేళ్లకు నమాజు చెప్పమని ఉంది. ఏడుకూ పదికీ మధ్య మూడేళ్లు. రోజుకు అయిదు పూటల లెక్కన అయిదు వేలకు పైగా నమాజులు. అన్నిసార్లు ప్రేమతో పిలిచి, పక్కన నిలబెట్టుకొని నేర్పిన తండ్రి గురించి ఆ మాట వచ్చింది. అప్పుడు కూడా ముఖం మీద కొట్టరాదని, గాయం కాని మచ్చ కాని పడరాదని, కోపం తీర్చుకోవడానికి కొట్టరాదని ఉలమాలు షరతులు పెట్టారు. పాలు ఒలకబోసిన మూడేళ్ల బిడ్డకు, ఖాయిదాలో అక్షరం తప్పిన అయిదేళ్ల బిడ్డకు ఆ హదీసును సాకుగా చూపడం దీన్‌కు అన్యాయం చేయడమే. దైవప్రవక్త (స) తన చేతితో ఏ స్త్రీనీ, ఏ సేవకుడినీ ఎన్నడూ కొట్టలేదని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. చిన్నతనం నుండి పదేళ్లు సేవ చేసిన అనస్ (రజి), ఆయన తనను విసుక్కొని ఒక్కసారి కూడా “ఉఫ్” అనలేదని సాక్ష్యమిచ్చారు. సున్నత్ కావాలంటే ఇది సున్నత్.

అయితే కొట్టకపోవడమంటే అదుపు లేకపోవడం కాదు. ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చిన్నతనంలో భోజనం పళ్లెమంతా చెయ్యి తిప్పుతుంటే దైవప్రవక్త (స) తిట్టలేదు, చూసీ చూడనట్లు వదిలేయనూ లేదు. బిస్మిల్లా అనమని, కుడిచేత్తో తినమని, తన ముందున్నది తినమని మూడు ముక్కల్లో నేర్పారు. ఏం చేయకూడదో అరిచి చెప్పడం కాదు, ఏం చేయాలో నిదానంగా చూపడం. అదే క్రమశిక్షణ.

భయపెట్టడం, మోసపుచ్చడం

చెయ్యి ఎత్తని ఇళ్లలో కూడా రెండు దురలవాట్లు ఉంటాయి. ఒకటి భయపెట్టడం. అన్నం తినకపోతే బూచోడు పట్టుకుపోతాడు, పడుకోకపోతే జిన్ వస్తుంది, అల్లరి చేస్తే డాక్టరు సూది వేస్తాడు, మాట వినకపోతే అల్లాహ్ దోజఖ్‌లో వేస్తాడు. మూడేళ్ల బిడ్డకు నరకం అంటే ఏం అర్థమవుతుంది? దాని మనసులో అల్లాహ్ అంటే ప్రేమించేవాడు, పాలు ఇచ్చినవాడు, అమ్మను ఇచ్చినవాడు అన్న రూపం ముందు నిలవాలి. రహ్మాన్, రహీమ్ అన్న పేర్లతోనే కదా మనం ప్రతి పనీ మొదలుపెట్టేది!

రెండోది మోసపుచ్చడం. “రా, చాక్లెట్ ఇస్తా” అని పిలిచి స్నానం చేయించడం, “ఇప్పుడే వస్తా” అని చెప్పి బిడ్డ కన్నుగప్పి వెళ్లిపోవడం. అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) చిన్నప్పుడు తల్లి “రా, ఒకటి ఇస్తా” అని పిలిచింది. ఏమివ్వదలచావని దైవప్రవక్త (స) ఆమెను అడిగారు. ఖర్జూరం అని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ ఖాతాలో ఒక అబద్ధం రాయబడి ఉండేదని ఆయన హెచ్చరించారు. డ్యూటీకి వెళ్లే తల్లి, తండ్రి బిడ్డకు చెప్పే వెళ్లాలి. కాసేపు ఏడ్చినా ఫరవాలేదు. చెప్పి వెళ్లినవారు తిరిగి వస్తారన్న నమ్మకం పెరుగుతుంది. చెప్పకుండా వెళితే, అమ్మ ఎప్పుడు మాయమవుతుందో అన్న భయంతో బిడ్డ రోజంతా ఆమె కాళ్లకు చుట్టుకుంటుంది.

పోలికలు పెట్టడం కూడా ఈ కోవలోదే. “అన్నను చూడు, నువ్వూ ఉన్నావు” అనడం, నల్లగా ఉన్న పాపను “కాలీ” అని, లావుగా ఉన్న బాబును “మోటూ” అని పిలవడం. ఎగతాళి పేర్లతో పిలవడాన్ని ఖుర్ఆన్ హుజురాత్ సూరా నిషేధించింది. ఆ ఆజ్ఞ ఇంటి గడప బయటి వారికే కాదు. ఇక కొడుకుకు గుడ్డు, కూతురికి పులుసు పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. నౌమాన్ బిన్ బషీర్ (రజి)కు తండ్రి ఒక కానుక ఇచ్చి, దానికి దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమన్నప్పుడు, పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ఆయన అడిగారు. లేదనగానే, అన్యాయానికి సాక్షిగా ఉండనని నిరాకరించి, సంతానం మధ్య న్యాయంగా ఉండమని ఆదేశించారు. పసిపిల్లలు లెక్కలు రాకపోయినా న్యాయాన్ని గ్రాము తేడా లేకుండా తూస్తారు.

చేతిలో ఫోను, చూపులో శూన్యం

1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. నెలల పసికందుతో తల్లి నవ్వుతూ ఆడుతుంది. తర్వాత కొద్ది నిమిషాలపాటు బిడ్డనే చూస్తూ, ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చుంటుంది. బిడ్డ నవ్వి చూస్తుంది, చేతులు చాస్తుంది, కేకలు వేస్తుంది. తల్లి ముఖం కదలకపోతే చివరికి ముఖం తిప్పుకొని ఏడుస్తుంది. తల్లి ఎక్కడికీ పోలేదు, ఎదురుగానే ఉంది. అయినా లేనట్లే అయింది. ఆ రోజుల్లో సెల్‌ఫోన్లు లేవు. ఇవాళ ఫోను చూస్తున్న మన ముఖాలు సరిగ్గా అలాగే ఉంటున్నాయి.

పిల్లల చేతికి ఫోను ఇవ్వడం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టంగా చెప్పింది. రెండేళ్లు నిండని పిల్లలకు తెర చూపించవద్దు. రెండు నుండి నాలుగేళ్ల వారికి రోజుకు గంటకు మించవద్దు, తగ్గితే ఇంకా మంచిది. మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజుకు పది నుండి పదమూడు గంటల నిద్ర అవసరం. రాత్రి పన్నెండు దాకా వీడియోలు చూసిన బిడ్డ పొద్దున చిరాకు పడితే తప్పు బిడ్డది కాదు.

ఒంటరిగా ఇల్లు ఈదే తల్లి వంట చేసుకోవడానికి ఫోను ఇస్తుంది. ఆమెను నిందించి లాభం లేదు. మరో దారి చూపాలి. రొట్టెల పిండి నుండి ఒక ముద్ద ఇచ్చి బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి. ఉల్లిగడ్డలు ఒక గిన్నెలో నుండి ఇంకో గిన్నెలోకి వేయమనండి. పప్పులో రాళ్లు ఏరుతుంటే కబుర్లు చెప్పండి. ఇవి ఖర్చు లేని ఆటలు. బిడ్డకు మాత్రం “అమ్మకు నేను పనికొస్తున్నాను” అన్న సంతోషం.

తండ్రి పది నిమిషాలు

పిల్లల పెంపకం ఆడవాళ్ల పని అనుకొనే తండ్రులు కొన్ని సంఘటనలు గుర్తు తెచ్చుకోవాలి. మనవరాలు ఉమామాను ఎత్తుకొని దైవప్రవక్త (స) నమాజు చేయించారు. మనవడు వీపు ఎక్కితే వాడు దిగేదాకా సజ్దాను పొడిగించారు. ఆయన హజ్రత్ హసన్ (రజి)ను ముద్దు పెట్టుకుంటుంటే చూసిన బనూ తమీమ్ నాయకుడు అఖ్రా బిన్ హాబిస్, నాకు పదిమంది పిల్లలు, ఒక్కరినీ ముద్దు పెట్టుకోలేదని గొప్పగా చెప్పాడు. కరుణ చూపనివారికి కరుణ లభించదని ఆయన (స) జవాబిచ్చారు.

షిఫ్టు మనిషికి గంటలు దొరకవు. పది నిమిషాలు దొరుకుతాయి. ఆ పది నిమిషాలు ఫోను పక్కన పెట్టి, బిడ్డ ఏ ఆట ఆడమంటే ఆ ఆట ఆడండి. ఆదివారమో, సెలవు రోజునో షామీర్‌పేట చెరువు కట్ట మీదకు చెయ్యి పట్టుకొని తీసుకెళ్లండి. గల్ఫ్‌లో ఉన్న తండ్రి వీడియో కాల్‌లో “బాగా చదువుతున్నావా, అమ్మీని సతాయిస్తున్నావా” అన్న రెండు ప్రశ్నలకే పరిమితం కాకుండా, ఆ రోజు ఏం ఆడాడో, ఎవరితో ఆడాడో అడగాలి. ఒక చిన్న కథ చెప్పాలి. దూరాన ఉన్నా తన గొంతుతో బిడ్డను నిద్రపుచ్చవచ్చు.

జుమాకు బిడ్డను వెంట తెచ్చిన తండ్రిని మసీదులో కొందరు పెద్దలు గద్దిస్తారు. వెనక వరుసలో నవ్విన పిల్లలను చెవి మెలేసి బయటకు పంపుతారు. మసీదు అంటే అవమానం జరిగే చోటు అని బాల్యంలో నేర్చుకున్నవాడు యవ్వనంలో రమ్మంటే ఎలా వస్తాడు? దైవప్రవక్త (స) దారిలో పిల్లలు కనబడితే తానే ముందు సలాం చేసేవారు. మన మసీదు మెట్ల మీద పిల్లలకు ఆ సలాం దొరకాలి.

తల్లి బాగుంటేనే

నమాజులో ఉండగా పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు తల్లడిల్లుతుందని దైవప్రవక్త (స) నమాజును కుదించేవారు. ఫర్జ్ నమాజులోనే తల్లికి అంత వెసులుబాటు ఇస్తే, ఇంటి పనిలో మనం ఎంత ఇవ్వాలి? కాన్పు తర్వాత కొందరు తల్లులకు వారాల తరబడి కారణం లేని ఏడుపు, నిద్ర పట్టకపోవడం, బిడ్డను ఎత్తుకోవాలనిపించకపోవడం ఉంటాయి. దీన్ని దిష్టి అని, అసర్ అని తావీజులతో సరిపెట్టవద్దు. దుఆ చేయండి, దవా కూడా చేయించండి. మానసిక బాధలకు 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

బిడ్డ విషయంలోనూ కొన్ని గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయరాదు. పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, వచ్చిన మాటలు పోవడం, ఎవరితోనూ కలవకపోవడం, వారాల తరబడి తిండి నిద్ర చెడిపోవడం, తనను తాను కొట్టుకోవడం, ఒక మనిషిని గాని ఒక చోటును గాని చూస్తే హడలిపోవడం. ముందు అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు చెప్పండి. అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వైద్య బృందాలు వచ్చి పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుండి ఉంది. నగరంలో పిల్లలకు వైద్యం చేసే నీలోఫర్ ఆసుపత్రి ఉన్నది. బిడ్డకు ఎవరి వల్లనైనా ప్రమాదముంటే 1098కు ఫోను చేయాలి. పరువు పోతుందని దాచిపెడితే పోయేది పరువు కాదు, బిడ్డ.

అయిదు పూటలకు అయిదు పనులు

పిల్లల మనసు కాపాడటానికి పెద్ద పుస్తకాలు చదవనక్కరలేదు. అల్లాహ్ మన రోజును అయిదు పూటలుగా చేసి ఇచ్చాడు. ఒక్కో పూటకు ఒక్కో చిన్న పని పెట్టుకుందాం.

ఫజర్ తర్వాత బిడ్డను అరుపుతో కాక సలాంతో, తల నిమిరి లేపండి. జొహర్ వేళకు, బడి నుండి వచ్చిన బిడ్డకు ముందు నీళ్లు, తర్వాత ఒడి, ఆ తర్వాతే ప్రశ్నలు. అస్ర్ తర్వాత ఆట. మట్టిలో ఆడినా, మురికి చేసుకున్నా గద్దించవద్దు. మగ్రిబ్‌కు పక్కన చిన్న జానిమాజ్ పరచండి. నిలబడితే సంతోషం, పరుగెత్తినా చిరునవ్వు. ఇషా తర్వాత దీపం తగ్గించి, ఫోను దూరం పెట్టి ఈ రోజు ఏది బాగుంది, ఏది బాధ కలిగించింది అని అడగండి. ప్రవక్తల కథ ఒకటి చెప్పి, దుఆ చదివి నిద్రపుచ్చండి. ఆ రోజు బిడ్డను తిట్టి ఉంటే నిద్రకు ముందే దగ్గరకు తీసుకోండి. కోపంతో బిడ్డను నిద్రలోకి పంపకండి.

ఇందులో ఒక్క పైసా ఖర్చు లేదు. అద్దె గదిలోనైనా, సొంత మేడలోనైనా చేయవచ్చు. మనం కట్టే ఇళ్లు, కొనే ప్లాట్లు పిల్లలకు మిగులుతాయో లేదో తెలియదు. అయిదేళ్ల లోపు వారి గుండెలో నాటిన నమ్మకం మాత్రం జీవితాంతం మిగులుతుంది. ప్రతి ఒక్కరూ ఒక కాపరి అని, తన మంద గురించి ప్రతి కాపరినీ ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. రేపు ప్రళయదినాన ఎంత ఫీజు కట్టావని మాత్రమే కాదు, ఆ పసి మనసును ఏం చేశావని కూడా అడుగుతారు.

మన కళ్లకు చలువనిచ్చే సంతానాన్ని ప్రసాదించమని మనం దుఆ చేస్తుంటాం. వారి కళ్లకు చలువనిచ్చే తల్లిదండ్రులుగా మనల్ని కూడా తీర్చిదిద్దమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.